48 పేజీల ఉప్పెన: సొంతంగా ఒక తెలుగు కామిక్ పుస్తకం గీసి, అచ్చు వేయించిన నా అనుభవం

1977 నవంబరు 19, శనివారం సాయంత్రం దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు మా అమ్మమ్మకు 26 ఏళ్ళు. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న పల్లెలో, తాటాకు ఇంట్లో, ముగ్గురు పిల్లలతో ఉంది. పెద్ద మామయ్యకు ఏడేళ్ళు, మా అమ్మకు నాలుగేళ్ళు, చంటివాడికి ఇంకా ఏడాది నిండలేదు. తెల్లవారేసరికి ఆమె దగ్గర ఇద్దరు పిల్లలే మిగిలారు. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది పోయిన ఆ రాత్రి గురించి మా ఇంట్లో ఏటా నవంబరులో ఎవరో ఒకరు మాట్లాడటం, అమ్మమ్మ కాసేపు విని లేచి వెళ్ళిపోవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆ కథను 48 పేజీల కామిక్‌గా గీసి, 2024 డిసెంబరులో విజయవాడలో 500 ప్రతులు అచ్చు వేయించాను. మొదటి మాట రాసుకున్న రోజు నుంచి పుస్తకాల కట్టలు ఇంటికి చేరిన రోజు దాకా రెండున్నరేళ్ళు పట్టింది. అన్నాళ్ళలో బొమ్మలు గీయడం కంటే, డబ్బు సమకూర్చుకోవడం కంటే నన్ను ఎక్కువగా కష్టపెట్టింది, ఎక్కువగా నేర్పించింది తెలుగు అక్షరం. ఇలాంటి పనికి పూనుకునే మరొకరికి ఉపయోగపడుతుందని ఆ అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను వృత్తిరీత్యా చిత్రకారిణిని కాను. ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తూ, సాయంత్రం ఏడు దాటాక రెండు గంటలు, ఆదివారాలు పూర్తిగా ఈ పనికి కేటాయించుకున్నాను. 2022 వేసవిలో రెండు సార్లు అమ్మమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె మాటలను ఫోనులో రికార్డు చేసుకున్నాను. మొదటిసారి ఆమె అందరికీ చెప్పే కథే చెప్పింది. రెండోసారి మాత్రం, మధ్యాహ్నం చేటలో బియ్యం చెరుగుతూ, నేను ఏమీ అడగకుండానే మాట్లాడింది. తుమ్మచెట్టు కొమ్మను ఒక చేత్తో, మా అమ్మను ఒక చేత్తో పట్టుకున్నానని, మామయ్యను తాతయ్య భుజాన వేసుకున్నాడని, చంటివాడిని చీర కొంగుతో వీపుకు కట్టుకున్నానని, కొంగు ఎప్పుడు వదులైందో తనకు తెలియలేదని చెప్పింది. చెరగడం ఆపలేదు. ఆ చేట చప్పుడు ఇప్పటికీ ఆ రికార్డింగులో ఉంది.

"అంత పెద్ద నీరు వచ్చినప్పుడు చప్పుడు ఎలా ఉంది అమ్మమ్మా?" అని అడిగాను. కామిక్ గీసేవారికి ఈ ప్రశ్న తప్పదు, ఎందుకంటే కాగితం మీద చప్పుడును కూడా అక్షరాలతోనే గీయాలి. మామయ్య వెంటనే "రైలు వచ్చినట్టు వచ్చింది" అన్నాడు. అమ్మమ్మ తల అడ్డంగా ఊపి, "నేనప్పటికి రైలు చూడలేదురా" అని, కాసేపు ఆగి, "హోరు, అమ్మాయ్. హోరే. పక్కనున్న మనిషి అరుపు కూడా ఆ హోరులో కలిసిపోయింది" అంది. మన భాషలో చప్పుళ్ళకు కొదవ లేదు. టపటపా, చిటపటా, దబదబా, ధడేల్మని, గలగలా, బావురుమని, ఏ చప్పుడుకు ఆ మాట సిద్ధంగా ఉంటుంది. అయినా ఆ పుస్తకంలో ఉప్పెనకు "హోరు" అన్న ఒక్క మాటే వాడాలని ఆ మధ్యాహ్నమే నిశ్చయించుకున్నాను.

కథను పేజీలుగా విడగొట్టడం తర్వాతి పని. నలభై ఎనిమిది అన్న సంఖ్య కథ వల్ల వచ్చింది కాదు, కాగితం వల్ల వచ్చింది. నేను ఎంచుకున్న క్రౌన్ నాలుగో వంతు సైజు, అంటే కత్తిరించాక 7.25 అంగుళాల వెడల్పు, 9.5 అంగుళాల ఎత్తు ఉండే పుస్తకం, 20×30 అంగుళాల డబుల్ క్రౌన్ షీటు ఒక్కదానిలో రెండు వైపులా కలిపి 16 పేజీలు వస్తుంది. దీన్నే ప్రెస్సువాళ్ళు ఒక ఫారం అంటారు. 48 అంటే మూడు ఫారాలు, వృథా లేదు. మొదట్లో నా కథ 53 పేజీలకు పాకింది. ఆ అయిదు పేజీల కోసం ఇంకో ఫారం వేయించే స్తోమత లేక, సహాయక చర్యల గురించి రాసుకున్న భాగాన్ని తగ్గించాను. అప్పుడు మంత్రిగా ఉన్న మండలి వెంకట కృష్ణారావు గారు దివిసీమ పునర్నిర్మాణానికి చేసిన కృషి ఎన్నో పేజీలకు సరిపోయే కథ. నా పుస్తకం అమ్మమ్మ చెట్టు దిగేదాకా మాత్రమే కనుక దానిని పక్కన పెట్టాల్సి వచ్చింది. మంచి పనే చేశానని ఇప్పుడూ అనుకుంటున్నాను.

పేజీల చిత్తు గీతలు వేసుకునేటప్పుడే నా మొదటి పెద్ద పొరపాటు జరిగింది. నేను చదువుతూ పెరిగిన కామిక్స్‌లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నవి, లేదా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చినవి. వాటిలో మాటల బుడగ ఎంత ఉంటుందో నా చేతికి అలవాటై ఉంది. ఆ అలవాటుతోనే గడులు విడగొట్టి, మనుషులను గీసి, పైన మిగిలిన చోటును బుడగకు వదిలేశాను. తొలి ఆరు పేజీలు సిరాతో పూర్తి చేసి, మాటలు వేయబోతే ఒక్కటీ పట్టలేదు. "వెళ్ళిపోవాల్సి వచ్చింది" అన్న ఒక్క వాక్యానికే బుడగ నిండిపోయింది. తెలుగు మాట అడ్డంగా పొడవు. విభక్తులు, క్రియకు అతుక్కునే ప్రత్యయాలు అన్నీ ఒకే మాటలో చేరిపోతాయి. నిలువునా చూస్తే అంతకంటే చోటు కావాలి. పైన గుడులు, ఏత్వాలు, ఓత్వాలు ఉంటాయి, కింద వత్తులు వేలాడుతాయి. పై వరుసలోని "ష్ట్ర" కింది వరుసలోని "కీ" గుడితో ఢీకొనకుండా ఉండాలంటే వరుసల మధ్య చాలినంత ఎడం ఇవ్వాలి. చిన్నప్పుడు చదివిన అనువాద బొమ్మల కథల్లో అక్షరాలు చీమల బారులా ఎందుకు ఇరుక్కుని ఉండేవో నాకు అప్పుడు అర్థమైంది. ఇంకో భాష కొలతకు కుట్టిన చొక్కాను మన భాషకు తొడిగారు.

1947 జూలైలో మొదలైన చందమామతో పెరిగిన తరాలకు బొమ్మతో కథ చదవడం కొత్తేమీ కాదు. కానీ ఆ కథల్లో ఎక్కువగా బొమ్మ ఒకవైపు, మాట ఒకవైపు విడిగా ఉండేవి. ఒకదాని చోటులోకి ఇంకొకటి రాదు. కామిక్‌లో అలా కుదరదు, మాట బొమ్మలోనే కూర్చోవాలి. తెలుగులో ఆ రెంటినీ ఒకే చేతితో గీసినవారిగా నాకు మొదట గుర్తొచ్చేది బాపు గారు. ఆయన చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంట్‌గా రావడం ఊరికే జరగలేదు. ఆ కార్టూన్లలో కింద రాసిన మాటకూ పైన ఉన్న గీతకూ తేడా తెలియదు. ఆ ఆరు పేజీలను పక్కన పడేసి, పని క్రమాన్ని తిరగేశాను. ముందు ఖాళీ గడిలో మాటలు రాయడం, వాటి చుట్టూ బుడగ గీయడం, మిగిలిన చోటులో మనుషులను నిలబెట్టడం. బుడగలు నిలువుగా కాక అడ్డంగా, బల్లపరుపుగా వచ్చాయి. ఒక బుడగలో పన్నెండు మాటలు దాటకూడదని, మాటను మధ్యలో విరవకూడదని, తప్పనిసరైతే ప్రత్యయం దగ్గర మాత్రమే విరవాలని నియమం పెట్టుకున్నాను. పన్నెండు మాటల్లో ఇమడనిది రెండు బుడగలుగా విడిపోయింది, లేదా బొమ్మలోకి వెళ్ళిపోయింది. సగం సంభాషణ అలా రాలిపోయింది, పోయినదానికి నేను బాధపడలేదు.

అక్షరం సైజు ఎంత ఉండాలన్నది అమ్మమ్మ నిర్ణయించింది. ఆమె మూడో తరగతి దాకా చదువుకుంది. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతుంది. ఒకే పేజీని మూడు సైజుల్లో ప్రింటు తీసి, ఆమె చేతికిచ్చి, కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. చిన్న సైజులో "వర్షం" దగ్గర ఆగిపోయి, "ఇది వషమా, వశమా?" అని అడిగింది. మధ్య సైజులో కాస్త తడబడింది. పెద్ద సైజులో ఆగకుండా చదివింది. అదే ఖాయం చేశాను, మరికొన్ని బుడగలను మళ్ళీ గీయాల్సి వచ్చినా సరే.

బొమ్మలను ఏ3 సైజు కార్ట్రిడ్జ్ కాగితం మీద కుంచెతో, ఇండియన్ ఇంకుతో గీశాను. అచ్చులో వచ్చే సైజు కంటే పెద్దగా గీసి తగ్గిస్తే గీత బిగువుగా కనిపిస్తుంది. 600 డీపీఐలో స్కాన్ చేసుకుని, మరకలు తుడవడానికి, రెండో రంగు నింపడానికి క్రిటా వాడాను. మాటలను ఇంక్‌స్కేప్‌లో కూర్చి, పేజీలన్నీ స్క్రైబస్‌లో పేర్చాను. ఈ మూడూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే, తెలుగు అక్షరాలను సరిగ్గా చూపించేవే. అంతకుముందు ఒక మిత్రురాలి కంప్యూటర్‌లో ఫోటోషాప్‌లో ప్రయత్నించినప్పుడు వత్తులు విడిపోయి, పొల్లులతో పక్కపక్కన పడ్డాయి. టైప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దక్షిణాసియా భాషల కంపోజర్‌ను ఎంచుకుంటే సరిపోతుందని తెలిసేసరికి వారం గడిచింది. ఫోటోషాప్‌లో తెలుగు రాయబోయే ప్రతివారూ ముందుగా చూసుకోవలసిన మీట అది.

ఫాంట్ల విషయంలో నేను రుణపడి ఉన్నది సిలికానాంధ్ర వారు ఉచితంగా విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లకు. మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న, ధూర్జటి, ఇలా ఒక్కోదానికీ ఒక్కో రూపం. ఓపెన్ లైసెన్సు ఉన్నందువల్ల పుస్తకంలో అచ్చు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, రుసుమూ లేదు. కథనం నడిపించే పెట్టెల్లో మండలి వాడాను. మనుషుల మాటలకు ఏ ఫాంటూ నప్పలేదు. అమ్మమ్మ గొంతును ఫాంటులో వేసినప్పుడల్లా ఆమె వార్తలు చదువుతున్నట్టు అనిపించేది. చివరికి బుడగల్లోని మాటలన్నింటినీ చేతితోనే రాశాను. అందుకు నాలుగు నెలలు పట్టింది.

బొమ్మల్లో నా తప్పులను దిద్దినది మామయ్య. ఊరి బయట సముద్రం వైపు సరుగుడు చెట్ల బారును శ్రద్ధగా గీసి చూపించాను. ఇప్పుడు వెళ్తే అక్కడ కనిపించేది అదే. మామయ్య కాగితాన్ని కాసేపు చూసి, "ఈ సరుగుళ్ళు అప్పుడెక్కడివి? మా వైపు ఉప్పెన తర్వాతే వేశారు. అప్పుడు తాళ్ళు, తుమ్మలు, అటు మడ. అంతే" అన్నాడు. ఒక ఊరి బొమ్మలో ఆ చెట్లు ఉండటం, లేకపోవడం ఎంత తేడా చేస్తుందో అప్పుడు తెలిసింది. ఆ బారు లేకపోతే సముద్రానికీ ఇంటికీ మధ్య ఏమీ లేదు. నాలుగు పేజీల్లో ఆ చెట్లను తీసేశాను. వాటి స్థానంలో కోతకు సిద్ధంగా ఉన్న వరి, దాని మీద ఖాళీ ఆకాశం మిగిలాయి. నేను అల్లుకున్న ఏ బొమ్మ కంటే ఆ ఖాళీయే భయపెట్టింది.

ఉప్పెన వచ్చే పేజీలను అన్నింటికంటే చివర గీశాను. "హో" అన్న అక్షరం 20వ పేజీలో ఆకాశంలో ఒక మూల వేలెడంత ఉంటుంది. 21లో తాటిచెట్టంత అవుతుంది. 22, 23 పేజీల్లో మనుషుల మాటల బుడగల మీదుగా పాకుతుంది. బుడగల్లో ఏదో రాసి ఉందని తెలుస్తుంది, చదవడానికి మాత్రం రాదు. 24, 25 పేజీలు రెండింటినీ కలిపి ఒకే బొమ్మగా, "హో" ఓత్వం పేజీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అలగా లేచేట్టు గీశాను. ఆ అల లోపల, దాదాపు కనిపించనంత చిన్నగా, తుమ్మకొమ్మ, దానిని పట్టుకున్న ఒక చెయ్యి. చంటివాడిని గీయలేదు. తర్వాతి పేజీలో వదులైన చీర కొంగు ఒక్కటే నీటి మీద ఉంటుంది. అది గీసిన రాత్రి కుంచె కడిగి, దీపం ఆర్పి, చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ జంట పేజీ 24, 25లలోనే ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకంలో ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చయ్యేది సరిగ్గా పుస్తకం నడిబొడ్డున మాత్రమే. మిగతా అన్నిచోట్లా ఎడమ పేజీ ఒక చోట, కుడి పేజీ వేరే చోట అచ్చవుతాయి. మడతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా గీత తెగినట్టు కనిపిస్తుంది. 48 పేజీలకు నడిమధ్య 24, 25. కథను ముందుకూ వెనక్కూ జరిపి ఆ అలను అక్కడ నిలబెట్టాను. ఒక పాత క్యాలెండర్ కాగితాలను మడిచి, పేజీ నంబర్లు వేసి చేసుకున్న డమ్మీ ఈ లెక్కంతా నేర్పింది. కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ప్రతివారూ అలాంటి డమ్మీ ఒకటి చేతితో మడుచుకోవాలని నా అభిప్రాయం.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, తీసుకోవడం నేను భయపడినంత కష్టం కాలేదు. మన దేశంలో దీనిని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది. సంస్థ ఉండనక్కరలేదు, రచయితే ప్రచురణకర్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, రుసుము లేదు. గుర్తింపు పత్రం, ముఖచిత్రం జతచేసి పంపితే కొన్ని వారాలకు 978-93తో మొదలయ్యే నంబరు వచ్చింది. ముఖచిత్రం చివరి నిమిషంలో చేసుకోవచ్చులే అనుకునేవారు ఇక్కడే ఆగిపోతారు కనుక, అది ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

ప్రెస్సు కోసం విజయవాడలో అయిదు చోట్ల తిరిగాను. 100 కాపీలైతే డిజిటల్ ప్రింటింగే చవక అని, 500 వేయిస్తేనే ప్లేట్లు చేసి అచ్చు వేసే ఆఫ్‌సెట్ గిట్టుబాటు అవుతుందని అందరూ ఒకే మాట చెప్పారు. లోపలి పేజీలను నాలుగు రంగుల్లో కాక రెండు రంగుల్లో, అంటే నలుపు, బూడిద కలిసిన నీలం రంగుల్లో, కొంచెం పసుపు ఛాయ ఉన్న 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 100 గ్రాములు) మ్యాప్‌లిథో కాగితం మీద వేయాలని ముందే అనుకున్నాను. రంగుకు ఒక ప్లేటు, షీటుకు రెండు వైపులు, మూడు ఫారాలు, మొత్తం 12 ప్లేట్లు. నాలుగు రంగులైతే అవి 24 అయ్యేవి. అట్ట మాత్రం నాలుగు రంగుల్లో, 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు మీద, మ్యాట్ లామినేషన్‌తో. అంతటికీ 39,500 రూపాయలకు ఒక ప్రెస్సు ఒప్పుకుంది. అక్కడి డీటీపీ ఆపరేటర్ నా ఫైళ్ళను చూసి, "అను ఫాంటులోకి మార్చి ఇవ్వండమ్మా, మాకు అదే వీలు" అన్నాడు. యూనికోడ్ కాని ఆ ఫాంట్లతో తెలుగు ప్రెస్సుల్లో దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతి అది. నేను మాటలన్నింటినీ ముందే గీతలుగా మార్చి తెచ్చానని, ఇక అవి ఫాంటు కావని, బొమ్మలేనని చూపించాక ఆయన ఊరట చెందాడు. ఏ ప్రెస్సుకైనా యూనికోడ్ తెలుగును ఇవ్వదలచుకుంటే ఇది భయం లేని దారి.

ఇంత జాగ్రత్తపడ్డ నేనే ప్రూఫు ముగిసిన రాత్రి పొరపాటు చేశాను. 35వ పేజీలో "ఊడ్చుకుపోయింది" అన్నచోట "ఊడ్చుకపోయింది" అని పడిందని కనిపెట్టి, తొందరలో ఆ పేజీని క్రిటాలోనే దిద్ది, పీఎన్‌జీగా భద్రపరచి, ప్రెస్సుకు మెయిల్ చేశాను. పీఎన్‌జీ ఫైలు తెరకు వాడే ఆర్‌జీబీ రంగుల్లోనే ఉంటుంది, అచ్చుకు కావలసిన సీఎంవైకే, అంటే సిరా రంగుల విభజన అందులో నిలవదు. అక్కడ దానిని మార్చినప్పుడు నా నలుపు పూర్తి నలుపుగా ఉండక, 90 శాతం నలుపుగా, దాని కింద కొంత నీలంగా విడిపోయింది. 90 శాతం అంటే గీత నిండుగా పడదు, సన్నటి చుక్కలుగా పడుతుంది. మూడు రోజుల తర్వాత ప్రెస్సులో ఆరుతున్న షీట్ల కట్ట దగ్గర నిలబడి, మెషిన్‌మన్ ఇచ్చిన భూతద్దంలో చూశాను. "ర్ష", "ద్ది", "మ్మ" వత్తుల అంచులు రంపం పళ్ళలా ఉన్నాయి. ప్రతి అక్షరం వెనుక నీలం నీడ ఒక వెంట్రుక మందాన పక్కకు జరిగి ఉంది. మామూలు కంటికి అక్షరాలు చెమ్మగిల్లినట్టు కనిపిస్తాయి. ఎవరూ పట్టించుకోరని మెషిన్‌మన్ ఓదార్పుగా అన్నాడు. నాకు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని "ఇది వషమా, వశమా" అని అడిగిన అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఒక్క పేజీని మార్చడం కుదరదు. పిన్నుల పుస్తకంలో ఫారాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి కనుక, 35వ పేజీ ఉన్న షీటు మీద 9 నుంచి 16 దాకా, 33 నుంచి 40 దాకా ఉన్న పేజీలన్నీ ఉంటాయి. ఆ ఫారం మొత్తం, నాలుగు కొత్త ప్లేట్లతో, కొత్త కాగితంతో మళ్ళీ వేయించాను. అందుకు 6,200 రూపాయలైంది. మొత్తం ఖర్చు 45,700, కాపీకి 91 రూపాయలు పైచిలుకు. పండక్కి గాజులు చేయించుకుందామని దాచుకున్న సొమ్ము అందులో కలిసింది. ఇప్పుడు నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట ఇదే: ప్రూఫు మీద సంతకం పెట్టాక ఫైలును తాకకండి. తాకక తప్పదంటే, ఆ పేజీని మొదట ఏ దారిన తయారు చేశారో అదే దారిన, మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ తీసుకురండి.

పుస్తకాలు వచ్చాక చేసిన తొలి పని నాలుగు ప్రతులను నాలుగు గ్రంథాలయాలకు పంపడం. 1954 నాటి చట్టం ప్రకారం మన దేశంలో పుస్తకం ప్రచురించిన ప్రతివారూ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరాకు, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి 30 రోజుల్లోగా ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. సొంతంగా అచ్చు వేసుకునే చాలామందికి ఈ సంగతి తెలియదు. చిరునామాలు రాస్తున్నప్పుడు, మా ఊరి తుమ్మచెట్టు కన్నెమరా అరలో ఉంటుందన్న తలపు నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది.

వెల 180 రూపాయలు పెట్టాను. పుస్తకాలకు జీఎస్టీ లేదు కనుక ఆ లెక్క తేలికే. ఏలూరు రోడ్డులోని రెండు దుకాణాలు 40 శాతం తగ్గింపు మీద, అమ్ముడుపోయాకే డబ్బు ఇచ్చే షరతుతో తీసుకున్నాయి. అంటే నాకు చేతికొచ్చేది 108 రూపాయలు, మిగిలేది కాపీకి దాదాపు 17. నేరుగా అమ్మితేనే తర్వాతి పుస్తకానికి ఆధారం దొరుకుతుంది. తపాలా ఖర్చు మొదటి నెలల్లో నన్ను కుంగదీసింది. కొరియరుకు ఒక్కోసారి పుస్తకం వెలలో సగం పోయేది. 2025 మే 1న తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టాక ఆ భారం తగ్గింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్నులు అదనం. అట్ట ముక్కల మధ్య పెట్టి కట్టినా నా పుస్తకం 200 గ్రాములు దాటదు.

ఊళ్ళో అమ్మమ్మకు మొదటి ప్రతి ఇచ్చినప్పుడు ఆమె ముందు నుంచి చదవలేదు. నేరుగా మధ్య పేజీ తెరుచుకుంది. పిన్నుల పుస్తకం నేల మీద పెడితే అక్కడే విచ్చుకుంటుంది. అరచేత్తో ఆ ఓత్వాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి నిమిరి, ఏమీ అనకుండా పుస్తకం మూసి, దేవుడి గూట్లో పెట్టింది. మిగతా పేజీలను ఆ తర్వాత రెండు మూడు వారాల్లో, రోజుకు కొన్ని, మామయ్య మనవరాలితో కలిసి చదివిందని ఫోనులో విన్నాను.

ప్రతులు ఎక్కువగా అమ్ముడైనది విజయవాడలో ఏటా జనవరి మొదట్లో జరిగే పుస్తక మహోత్సవంలో. ఒక మిత్రుల స్టాలులో అరచేతి వెడల్పు చోటు ఇచ్చారు. పదకొండు రోజుల్లో 140 ప్రతులు వెళ్ళాయి. మూడో రోజు సాయంత్రం, పంచె కట్టుకున్న ఒక పెద్దాయన నిలబడే పుస్తకమంతా తిరగేశారు. నాగాయలంక వైపు వాళ్ళమని చెప్పారు. మధ్య పేజీ దగ్గర చాలాసేపు ఆగి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, తొలి గడిలోని పెట్టె మీద వేలు పెట్టారు. అందులో "1977 నవంబరు 19" అని మాత్రమే ఉంది. "శనివారం అని రాయలేదేమ్మా?" అని అడిగారు. "తేదీ ఎవరికి గుర్తుంటుంది? మాకు శనివారమే గుర్తు." నా దగ్గర జవాబు లేదు. ఆయన రెండు ప్రతులు కొనుక్కుని, చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళారు.

500లో ఇప్పుడు 30 ప్రతులు మిగిలాయి, రెండో ముద్రణకు ఫైళ్ళు తెరిచాను. మొదటి గడిలోని ఆ పెట్టెలో "శనివారం" పట్టాలంటే దాని కింది గీతను నాలుగు మిల్లీమీటర్లు కిందికి జరపాలి, జరిపితే అది అమ్మమ్మ ఇంటి కప్పు మీద పడుతుంది. కప్పును కొంచెం దించి, ఆ పేజీని కాగితం మీద కుంచెతో మళ్ళీ గీస్తున్నాను.